సుంకులమ్మ జానెడు

అప్పుడెప్పుడో, నల్లగుట్టకు ఇంకా ఎవరూ పేరు పెట్టని రోజుల్లో జరిగింది ఇది. చూసినవాళ్లు లేరు. విన్నవాళ్లు చెప్పారు. నేను విన్నాను. మీరూ వినండి.

గుట్ట కింద ఒక బంగారు గని ఉండేది. గనికి ఒక దొర ఉండేవాడు. దొరకు ఒక ఆట ఉండేది.

దాన్ని గోల్ఫు అనేవాడు దొర. మనవాళ్లు గుంతలాట అనేవాళ్లు. చిన్న తెల్ల బంతి, పొడుగు కర్ర, మైదానం నిండా తొమ్మిది గుంతలు. తక్కువ దెబ్బల్లో బంతిని గుంతలో వేసినవాళ్లది ఆ గుంత. ఎక్కువ గుంతలు ఎవరివైతే వాళ్లది గెలుపు. అంతే ఆట.

ఆ నేలలో గడ్డి మొలవదు. అందుకని ప్రతి గుంత చుట్టూ నూనె కలిపిన నల్ల ఇసుక పరిచారు. దాని మీద అడుగు పడితే గుర్తు పడుతుంది. గుర్తు పడితే బంతి వంకర పోతుంది. ఆ ఇసుకను నున్నగా చెయ్యడమే సుంకులమ్మ పని. నారచాపకు తాడు కట్టి, తాడు నడుముకు కట్టుకొని లాగేది. ఇరవై ఏళ్లు లాగింది. దొర ఆమెను చాపమ్మా అని పిలిచేవాడు. ఆమె కొడుకు మద్దిలేటి దొర కర్రల సంచి మోసేవాడు.

మధ్యాహ్నం దొర నిద్రపోతే సంచులు మోసేవాళ్లు తుమ్మకర్రలతో ఆడుకునేవాళ్లు. వాళ్లందరినీ సుంకులమ్మ ఓడించేది. ఇసుక తెలిసిన మనిషి కదా!

ఆ మైదానం నడుమ ఒక బావి ఉంది. తాతల నాటిది. ఊరికంతా అదొక్కటే తాగునీళ్లు. ఒకరోజు దొర కొట్టిన బంతి ఎగిరి ఒకామె బిందెలో పడింది. బుడుంగుమని మునిగింది. అందరూ నవ్వారు. దొర నవ్వలేదు. తెల్లారేసరికి బావి చుట్టూ ముళ్లకంచె వేయించాడు.

ఒక రోజు గడిచింది. రెండు రోజులు గడిచాయి. మూడో రోజు పసిపిల్లలు ఏడవడం మానేశారు. అంత నీరసం.

సుంకులమ్మ వెళ్లి దొర ముందు నిలబడింది.

"బావి ఇవ్వండి దొరా."

దొర నవ్వాడు. "ఆడి గెలుచుకో చాపమ్మా. గెలిస్తే బావి మీది. ఓడితే ఇటువైపు బిందె కనబడకూడదు."

"సమం అయితే?"

"ఎవరో ఒకరు గెలిచేదాకా ఇంకో గుంత, ఇంకో గుంత."

"సరే దొరా."

ఊరంతా వచ్చింది. ఖాళీ బిందెలు తీసుకొని మరీ వచ్చింది.

ఆ ఆటలో ఒక మర్యాద ఉంది. అవతలివాళ్ల బంతి గుంతకు జానెడు దూరంలో ఆగిందనుకోండి, మనం "ఇచ్చాను" అనవచ్చు. ఇంకో దెబ్బతో పడినట్టే లెక్క. కొట్టే పని లేదు. దానికి మూడు కట్టుబాట్లు. ఎదుటివాళ్లే ఇవ్వాలి. ఇచ్చింది వెనక్కి తీసుకోకూడదు. ఇస్తే వద్దనకూడదు. ఈ మూడూ దొర పలక మీద రాయించి మైదానం మొదట్లో పాతించాడు.

మూడో గుంత దగ్గర దొర బంతి జానెడులో ఆగింది.

"ఇచ్చాను. తీసుకోండి దొరా," అంది సుంకులమ్మ.

జనం గొల్లుమన్నారు. పుల్లన్న తాతకైతే అర్థమే కాలేదు.

"పడిందా?"

"పడలేదు తాతా. ఇచ్చింది."

"పడకుండానే పడిందా? ఇదేం ఆటరా నాయనా!"

నాలుగో గుంత దగ్గర సుంకులమ్మ బంతి జానెడులో ఆగింది. దొర మీసం దువ్వుకున్నాడు. "కొట్టు, చూద్దాం," అన్నాడు. సుంకులమ్మ కొట్టింది. టక్కున పడింది.

ఆరో గుంత దగ్గర దొర బంతి జానెడులో ఆగింది. "ఇచ్చాను. తీసుకోండి దొరా."

"నీకేమన్నా పిచ్చా సుంకులక్కా! కొట్టనీ!" అని అరిచారు ఆడవాళ్లు.

"జానెడు ఎవరికైనా ఇస్తాం," అంది ఆమె. 

ఏడో గుంత దగ్గర ఆమెది జానెడు. "కొట్టు, చూద్దాం." కొట్టింది. టక్కున పడింది.

అలా ఎనిమిది గుంతలు అయ్యాయి. లెక్క చూస్తే సమం! ఊరంతా తొమ్మిదో గుంత చుట్టూ మూగింది. పిల్లలు పెద్దవాళ్ల భుజాలెక్కారు. బిందెలు ఒకదానికొకటి తగిలి ఖణేల్ ఖణేల్ మంటున్నాయి.

సుంకులమ్మ అయిదు దెబ్బల్లో వేసింది. దొర నాలుగు కొట్టాడు. బంతి వచ్చి గుంతకు జానెడు దూరంలో ఆగింది. ఒక్క దెబ్బ వేస్తే సమం. తప్పితే బావి ఊరిది.

దొర అటు తిరిగి చేతులు తుడుచుకుంటున్నాడు. జనం దొర చేతులనే చూస్తున్నారు. మద్దిలేటి గుంతలోని జెండా కర్ర తీయడానికి వంగాడు. తీస్తూ తీస్తూ, గుంత ముందర ఇసుకలో మడమ నొక్కాడు.

ఎవరూ చూడలేదు. తల్లి చూసింది.

అయ్యో, ఇప్పుడామె ఏం చెయ్యాలి! చాప లాగితే ఎందుకని అడుగుతాడు దొర. చెబితే కొడుకు వీపు మీద తోలు మిగలదు. ఊరుకుంటే బంతి వంకర పోతుంది, బావి ఊరిదవుతుంది. అటు ఖాళీ బిందెలు. ఇటు కన్నకొడుకు. నడుమ తాను ఇరవై ఏళ్లు నున్నగా చేసిన ఇసుక.

దొర కర్ర ఎత్తాడు.

"ఇచ్చాను!" అంది సుంకులమ్మ. "తీసుకోండి దొరా."

 ఊరంతా ఒక్కసారిగా మీదపడింది. "బావి ఇచ్చేసింది! నోటి దగ్గరి నీళ్లు ఇచ్చేసింది!" ఒకామె బిందె నేలకేసి కొట్టింది.

దొరకూ కోపం వచ్చింది. "నీ దయ నాకెందుకు? నేను కొడతాను."

"ఇస్తే వద్దనకూడదు దొరా. పలక మీద మీరే రాయించారు."

అంత కోపంలోనూ కొందరికి నవ్వొచ్చింది. దొర పళ్లు నూరుకుంటూ బంతి తీసుకోవడానికి వంగాడు. అలాగే ఆగిపోయాడు. ఇసుకలో మడమ గుంట. తలెత్తి మద్దిలేటి కాళ్లు చూశాడు. కుడి మడమకు నల్ల ఇసుక అంటుకొని ఉంది. మద్దిలేటి కాలు వెనక్కి లాక్కున్నాడు.

దొర అరచేత్తో ఆ గుంటను నిమిరి చదును చేశాడు. లేచాడు.

"సమం," అన్నాడు. "పదండి. మళ్లీ మొదటి గుంత."

ఊరంతా పరుగే పరుగు! పుల్లన్న తాత కూడా పరిగెత్తాడు.

దొర బంతి దూరంగా, తిన్నగా వెళ్లింది. సుంకులమ్మ బంతి రేగిపొదలో పడింది. "అయిపోయింది," అన్నారు జనం. ఆమె ముళ్లలోకి వెళ్లి, మోచేతులు గీరుకుపోతుంటే కొట్టింది. బంతి పొదలోంచి కుందేలుపిల్లలా దూకింది! ఇంకో దెబ్బ కొట్టింది. ఇసుక మీదికొచ్చింది. దొర మూడో దెబ్బ గుంత పక్కనుంచి దాటిపోయింది, నాలుగోది అంచు తాకి ఆగింది. సుంకులమ్మకు ఇక ఒక్క దెబ్బే. పడితే బావి ఊరిది.

కానీ అది జానెడు కాదు. రెండు జానలు.

ఆమె కర్ర పట్టుకుంది.  ఇందాక కొడుకును కాపాడింది ఒక్క మాట, ఇప్పుడు ఊరును కాపాడాల్సింది ఈ చేతులు. కర్ర దించింది. మళ్లీ పట్టుకుంది. మళ్లీ దించింది. మూడోసారి పట్టుకుంది.

"ఇచ్చాను," అన్నాడు దొర.

ఎవరికీ అర్థం కాలేదు.

"తీసుకో, సుంకులమ్మా."

చాపమ్మా అనలేదు. గమనించారా?

ఆమె నెమ్మదిగా అంది. "రెండు జానలుంది దొరా."

దొర దగ్గరికొచ్చి, ఆమెకు మాత్రమే వినబడేలా అన్నాడు. "ఒక జాన ఎవరికైనా ఇస్తారన్నావు కదా. రెండోది ఇందాక నువ్వు నాకిచ్చిందే." ఆగి అడిగాడు. "ఎందుకిచ్చావు? వాడు నీ కోసమే చేశాడు."

"వాడు నా కొడుకు దొరా. ఆ ఇసుక కూడా నాదే."

దొర టోపీ తీశాడు.

వెనక పుల్లన్న తాత అరుస్తున్నాడు. "పడిందా?"

"పడలేదు తాతా. ఇచ్చాడు!"

"అంటే పడినట్టేనా?"

"పడినట్టే!"

"అరె, ఇది మంచి ఆటరా!" అని తాత ఎగిరి గంతేశాడు.

కంచె పీకేశారు. బిందెలు నిండాయి. మొదటి చెంబు సుంకులమ్మ దొరకిచ్చింది. రెండోది పుల్లన్న తాతకిచ్చింది. మూడోది కొడుకు చేతికిచ్చింది. వాడు తాగలేకపోయాడు.

"అమ్మా, నన్ను ఒక్క మాటన్నా తిట్టవేమే?"

ఆమె నడుముకున్న తాడు విప్పి వాడి నడుముకు కట్టింది.

ఆరోజు నుంచి చాప మద్దిలేటి లాగాడు. ముసలివాడయ్యేదాకా లాగాడు. ముందు వాడు నడిచేవాడు. వెనక చాప వచ్చేది. వాడి అడుగులు వాడే చెరుపుకుంటూ పోయేవాడు.

సుంకులమ్మ ఒక వానాకాలంలో పోయింది. బావి నిండుగా ఉంది అప్పుడు. ఆ తర్వాత బంగారం అయిపోయింది. గని మూతబడింది. దొర వెళ్లిపోయాడు. ఆట పోయింది. తొమ్మిది గుంతలూ పూడిపోయాయి.

బావి ఉంది.

ఈ రోజుకీ ఆ ఊరి పిల్లలు గోలీలాడేటప్పుడు, అవతలివాడి గోలీ గుంతకు జానెడు దూరంలో ఆగితే, ముందు అరచేత్తో మట్టి నిమురుతారు. నిమిరి, "సుంకులమ్మ జానెడు," అంటారు. ఇక ఆ గోలీ పడినట్టే. ఇచ్చినవాడు వెనక్కి తీసుకోడు. పుచ్చుకున్నవాడు వద్దనడు.

బావి దగ్గర ఇద్దరు ఆడవాళ్లు పోట్లాడుకుంటే, బొక్కెన ఎవరి చేతిలో ఉంటే వాళ్లు మొదట అవతలామె బిందె నింపాలి. ఆ తర్వాత ఎంతసేపైనా తిట్టుకోవచ్చు.

నింపాక మళ్లీ తిట్టుకున్నవాళ్లను ఇంతవరకు ఎవరూ చూడలేదట.