జరీ మింగిన ఎర్రపోగు

అనగనగా ఒక ఊళ్ళో ఒక రాజూ లేడు, ఒక రాణీ లేదు. ఒక కేక మాత్రం ఉంది.

“ఓ చౌడక్కా! నీ పిల్లి నోట్లోంచి పోగు వేలాడతా ఉందే!”

అదీ కేక. మగ్గాల వీధి ఆ చివర పుట్టి ఈ చివరికొచ్చింది. అది విని పదకొండిళ్ళల్లో పదకొండు మగ్గాలూ ఒక్కసారే ఆగిపోయాయి. పండగనాడు కూడా ఏదో ఒక మగ్గం టకటకమంటూనే ఉండే వీధమ్మా అది!

కేక పెట్టింది సూరాంబ. ఆవిడ గొంతు అలాంటిది చిన్నీ, గుసగుసలాడితే రైల్వే గేటు దాకా వినపడుతుంది. కేక విన్న చౌడమ్మ ఆవిడకి తోడికోడలు. నేతకి కావలసిన నూలంతా చిన్న చిన్న కండెలకి చుట్టివ్వడం చౌడమ్మ పని. ఆ పిల్లేమో చౌడమ్మ పిల్లి.

పిల్లి అంటే మామూలు పిల్లా? ఒళ్ళంతా బూడిదరంగు. వీపు మీద మెడనించి తోకదాకా పసుపుపచ్చ చార. అచ్చం చీరకి జరీ అంచు వేసినట్టే ఉండేది. అందుకని దాని పేరు జరీ. గంజి పెట్టిన నూలంటే ఎలుకలకి పాయసంతో సమానం కదా, రోజూ పదకొండిళ్ళూ తిరిగి మగ్గాల కింద ఎలుకల్ని తరిమేది. తిండి పదకొండిళ్ళల్లో, నిద్ర మాత్రం చౌడమ్మ ఒళ్ళో.

అప్పుడు చౌడమ్మ పరిగెత్తింది. జరీ అరుగు మీద కూర్చుని మెడ చాచి చాచి గుటకలు మింగుతోంది. మూతి పక్కనించి జానెడు ఎర్ర పట్టుపోగు వేలాడుతోంది.

“వదినా, నువ్వు పక్కకి జరుగు. పోగు లాగడం నాకేమన్నా కొత్తా?” అంటూ వచ్చాడు రామలింగం. సూరాంబ మొగుడు, చౌడమ్మకి మరిది. ఆ వీధి మొత్తానికి మొనగాడైన నేతగాడు. తెగిన పోగుకి ఆయన ముడి వేస్తే, ఆ ముడి చీర మీద వెతికి పట్టుకున్నవాడు లేడు. ఆ సంగతి ఆయనే అందరికీ చెప్పేవాడనుకో!

చౌడమ్మ జరగలేదు. రెండు వేళ్ళతో ఆ పోగుని ఊరికే ముట్టుకుంది. నలభయ్యేళ్ళు నూలు చుట్టిన వేళ్ళమ్మా అవి, వాటికి కళ్ళుంటాయి.

“రామలింగం, ఇది వదులుగా లేదయ్యా. బిగువుగా ఉంది. మగ్గం మీద ఇలా బిగిసిన పోగు కనపడితే నువ్వేం చేస్తావు?”

“అవతలి కొస ఎక్కడ చిక్కుకుందో చూస్తాను.”

“చూడకుండా లాగితే?”

“పడుగంతా పాడైపోద్ది.”

“మరి నా జరీ ఏమన్నా నీ పడుగు కంటే తక్కువా?”

రామలింగం చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “మా ఆయన నోరు మూయించడానికి పిల్లి పోగు మింగాల్సొచ్చింది,” అంది సూరాంబ. అంటూనే కళ్ళొత్తుకుంది.

ఆ తర్వాత జరీని బుట్టలో పెట్టి, పైన పాత చీర ముక్క కప్పి, ముగ్గురూ బయల్దేరారు.

మొదట దగ్గర్లో ఉన్న గంగులు దగ్గరికెళ్ళారు. గంగులు గేదెలకి సూదులు వేస్తుంటాడు. చదువుకున్న డాక్టరేం కాదు, చేతిలో సంచీ ఉంది కాబట్టి డాక్టరనేవారు.

చౌడమ్మ అడిగింది, “అయ్యా, ఈ పోగు అవతలి కొస ఎక్కడుంది?”

“ఎక్కడుంటే మనకెందుకమ్మా? రెండొందలివ్వు, ఒక్క లాగు లాగేస్తా,” అని గంగులు పట్టకారు తీశాడు.

చౌడమ్మ బుట్ట మీద చీరముక్క కప్పేసింది. “చవకే గానీ మాకొద్దు నాయనా,” అని లేచింది.

అప్పుడు బజార్లో అద్దాల ఆస్పత్రికెళ్ళారు. లోపల చల్లగా ఉంది. గోడ మీద నవ్వే కుక్కల బొమ్మలున్నాయి. ఒక కుర్ర డాక్టరు బుట్టలోకి తొంగి చూసి, ఆరు పరీక్షలు రాశాడు.

చౌడమ్మ అడిగింది, “బాబూ, ఈ పోగు అవతలి కొస ఎక్కడుంది?”

“ముందు పరీక్షలకి డబ్బు కట్టండి, తర్వాత మాట్లాడదాం.”

“కడతాం. ఏది దేనికో చెప్పు. మొత్తం ఎంతలో అవుద్దో చెప్పు.”

“అవన్నీ ఇప్పుడే ఎలా చెప్తామండీ?”

“మేం చీర మొదలెట్టకముందే ఖరీదు చెప్తాం బాబూ. సరిగ్గా ఇంతని చెప్పలేకపోయినా, ఇంతకి మించదని చెప్తాం,” అంది చౌడమ్మ.

ఆ కుర్రాడు ఫోన్లోకి చూసుకున్నాడు. పరీక్షలు చేయించడం తప్పని కాదు చిన్నీ, ఒక్కోసారి చేయించే తీరాలి. ఎందుకో చెప్పకుండా చేయించమనడమే చౌడమ్మకి నచ్చలేదు. బుట్ట మళ్ళీ లేచింది.

“ఇంకెక్కడికి వదినా, జరీ నీరసపడిపోతోంది!” అన్నాడు రామలింగం. ఈసారి ఆయన గొంతులో గొప్ప లేదు, భయం ఉంది.

ఆ తర్వాత రైల్వే గేటు దాటి సర్కారు పశువుల ఆస్పత్రికెళ్ళారు. పెంకుల కొట్టం. అక్కడ గౌసియా అని ఒక డాక్టరమ్మ ఒక గొర్రె కాలికి కట్టు కడుతోంది. కట్టు కట్టి, సబ్బుతో చేతులు కడుక్కుని, తుడుచుకుని అప్పుడొచ్చింది. చౌడమ్మ ఆ చేతుల్నే చూస్తూ నిలబడింది.

“అమ్మా, ఈ పోగు అవతలి కొస ఎక్కడుంది?”

“తెలీదమ్మా. వెతుకుదాం, పట్టండి,” అంది గౌసియా డాక్టరమ్మ.

ఆ ఒక్క మాటకి చౌడమ్మ మనసు కుదుటపడింది. చూశావా, మిగతా ఇద్దరూ పోగుని చూశారు. ఈవిడ కొసని వెతుకుతానంది!

డాక్టరమ్మ జరీ పళ్ళ పక్కన వేలు పెట్టి నోరు తెరిచి, నాలుక పైకెత్తింది. నాలుక మొదట్లో పోగు చుట్టేసుకుని ఉంది. అక్కణ్ణించి ఇంకో కొస గొంతులోకి దిగిపోయింది.

“ఎవరైనా లాగారా?”

“నేను లాగబోయానండి,” అని ఒప్పుకున్నాడు రామలింగం.

“లంగాకి బొందు లాగితే గుడ్డ ఎలా కుచ్చులు పడుతుంది? లోపల పేగు కూడా అలాగే కుచ్చులు పడేది. పోగు పేగుని కోసేసేది. పిల్లి దక్కేది కాదు.”

రామలింగం తన వేళ్ళ వైపు చూసుకున్నాడు. ఆ వేళ్ళని చూసి ఆయన భయపడటం అదే మొదలు.

అప్పుడు డాక్టరమ్మ నాలుక కింద చుట్టుని సన్న కత్తెరతో కత్తిరించింది. చుట్టూ, బయట వేలాడే ముక్కా తీసేసింది. పొట్ట నెమ్మదిగా తడిమి చూసింది. జరీ ఆ పొద్దునే పాలు తాగిందనీ, అప్పటికి పోగేమీ లేదనీ తెలుసుకుంది.

“త్వరగా తెచ్చారు కాబట్టి ఒక దారుంది. లోపల మిగిలిన పోగు ఇప్పుడు దేనికీ కట్టి లేదు. మూడు రోజుల్లో దానంతటదే కిందకి వచ్చేయొచ్చు. రాకపోవచ్చు కూడా. వాంతి చేసుకున్నా, తిండి మానేసినా, పొట్ట ముట్టుకోనివ్వకపోయినా వెంటనే నాకు చెప్పండి. కడుపు కోసి తియ్యాల్సి వస్తుంది. అంత చిన్న కడుపు కొయ్యడం నాకు అలవాటు లేదు, అబద్ధం ఎందుకు? జిల్లా ఆస్పత్రిలో బాగా చేసేవాళ్ళున్నారు. నేను కూడా వస్తాను.”

“ఖర్చు?” అంది చౌడమ్మ.

“ఇవాళ చూసినందుకేం లేదు. మందు నూట ఇరవై. కోతదాకా వెళ్తే ఆటో, మందులు, స్కానింగు అన్నీ కలిపి ఆరువేలు. అంతకి మించదు.”

డాక్టరమ్మ చీటీ వెనక తన ఫోను నంబరు రాసిచ్చింది. చౌడమ్మ ఆ చీటీని పూజలో పూవులా పట్టుకొచ్చింది.

ఆరువేలంటే ఆ వీధికి తేలికా చిన్నీ? కాదు. కానీ ఇంత అని తెలిస్తే నేతవాళ్ళు భయపడరు. ఎన్ని పోగులు వేస్తే ఎంత బట్ట అవుతుందో లెక్కేసుకునేవాళ్ళు కదా.

మొదటిరోజు చౌడమ్మ చీపురు పట్టుకుని పదకొండిళ్ళూ తిరిగింది. మగ్గాల కింద, మూలల్లో, గూళ్ళల్లో ఏళ్ళ తరబడి పేరుకున్న తుక్కు పోగులన్నీ ఊడ్చింది. “నా పిల్లిని చంపబోయింది ఇదేనే సూరాంబా. దీన్నే బతికించమందాం,” అంది. మూడు గోనెసంచులు నిండాయి!

రెండోరోజు ఆ సంచులు లారీల షెడ్డుకి వెళ్ళాయి. అక్కడ ఇంజన్ల నూనె తుడుచుకోవడానికి తుక్కు నూలు కొంటారు. దాంతో ఆరువేలల్లో సగానికి తక్కువ వచ్చింది. ఇంటికింత అని వేసుకుంటే ఇంకొంచెం వచ్చింది. ఇంకా పదిహేనొందలు తక్కువైంది. అప్పుడు రామలింగం లోపలికెళ్ళి, కొత్త కళ్ళజోడుకని దాచుకున్న డబ్బు తెచ్చి చౌడమ్మ చేతిలో పెట్టాడు.

“వదినా, ఈ వీధిలో ఎర్రపట్టు నేసేది నేనొక్కణ్ణే,” అన్నాడు. సూరాంబ ఆయన్ని ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనని రోజు అదొక్కటే.

అన్నట్టు, ఈ రెండు రోజులూ వీధిలో ఎవరూ కుదురుగా కూర్చుని అన్నం తినలేదు. సూరాంబ వండుతుంది, చల్లారిపోతుంది. ఒకరు నిలబడి నాలుగు ముద్దలు మింగి జరీని చూసి రావడం, ఇంకొకరు కంచం పక్కన పెట్టి ఇసక తట్ట చూసి రావడం. ఇసక తట్టంటే జరీ దొడ్డికెళ్ళే తట్టమ్మా. నవ్వకు, వాళ్ళందరి ప్రాణాలూ ఆ తట్టలోనే ఉన్నాయి!

రెండోరోజు సాయంత్రం జరీ పాలు ముట్టలేదు. చౌడమ్మ చీటీ తీసింది. డాక్టరమ్మకి ఫోన్ చేసింది.

“వాంతి ఉందా? లేదా? పొట్ట ముట్టుకోనిస్తోందా? అయితే పొద్దుటిదాకా ఆగుదాం. ఏడింటికల్లా నేనే ఆటో తీసుకుని వస్తాను,” అంది డాక్టరమ్మ.

అన్నట్టే మూడోరోజు పొద్దున్న ఏడింటికి ఆటో వచ్చింది. వీధంతా బయటికొచ్చింది. చౌడమ్మ డబ్బు కొంగున కట్టుకుంది. జరీని ఎత్తి బుట్టలో పెట్టింది.

అప్పుడు జరీ బుట్టలోంచి ఒక్క దూకు దూకి, తిన్నగా ఇసక తట్టలోకి వెళ్ళి కూర్చుంది.

పదకొండిళ్ళవాళ్ళూ ఊపిరి బిగబట్టి దానివైపే చూస్తున్నారు. పాపం దానికి సిగ్గేసి, ఎటు తిరగాలో తెలీక, అందరి మొహాలూ చూసి “మ్యావ్” అంది.

“అటు తిరగండర్రా!” అంది చౌడమ్మ. అందరూ అటు తిరిగారు. డాక్టరమ్మ కూడా తిరిగింది. ఆటో అతను కూడా తిరిగాడు!

కాసేపటికి ఇసక కప్పెడుతున్న చప్పుడైంది. అప్పుడు రామలింగం వెళ్ళి తట్ట ముందు కూర్చున్నాడు. పుల్ల పెట్టి వెతికాడు. ఎర్రగా ఏదో కనపడింది. మెల్లిగా బయటికి తీసి, నీళ్ళు పోసి కడిగాడు. మూరెడు పోగు.

“రామలింగం, అవతలి కొస వచ్చిందా? లోపల ఏమన్నా తెగి ఉండిపోయిందా?” అడిగింది చౌడమ్మ.

రామలింగం ఒక కొస వెలుగులో పెట్టి చూశాడు. కత్తిరించినట్టు సాఫుగా ఉంది. “ఇది డాక్టరమ్మ కత్తెర,” అన్నాడు. అప్పుడు రెండో కొసని కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. దూరంగా పెట్టుకున్నాడు. మళ్ళీ దగ్గరగా పెట్టుకున్నాడు. ఆ చివర ఆవగింజలో సగమంత ముడి ఉంది. ఎవరికీ కనపడని ముడి.

“ఇది నాదే! నా ముడే! ముడి పక్కనే మగ్గం మీంచి నేను తుంచి పడేసిన కొసే ఇది!” అన్నాడు. అంటూనే లేచి, సూరాంబని మించిన కేక పెట్టాడు. “రెండు కొసలూ వచ్చేశాయహో!”

ఆ కేక ఈ చివర పుట్టి ఆ చివరికి వెళ్ళింది.

డాక్టరమ్మ జరీ పొట్ట మళ్ళీ తడిమింది. మెత్తగా ఉంది. గిన్నెలో కాస్త పాలన్నం పెట్టింది. జరీ వాసన చూసి, గిన్నె ఖాళీ చేసి, ఇంకా పెట్టమన్నట్టు చూసింది.

“ఈ డబ్బేం చేద్దామమ్మా?” అని కొంగు విప్పింది చౌడమ్మ.

“ముందు ఈయనకి కళ్ళజోడు కొనండి, కిందపడ్డ పోగులు కనపడతాయి,” అంది డాక్టరమ్మ. వీధంతా నవ్వింది, రామలింగం అందరికంటే ఎక్కువ నవ్వాడు. “మిగిలింది జరీదే. ఏటా ఒక సూది, పిల్లలు పుట్టకుండా ఒక చిన్న ఆపరేషను. వాటికి దాచండి.”

ఆ రోజునించీ మగ్గాల వీధిలో ప్రతి మగ్గం పక్కనా ఒక కుండ పెట్టారు. దాని పేరు జరీ కుండ. తుంచిన ప్రతి కొసా అందులోకే వెళ్ళాలి. కింద పడేస్తే సూరాంబ కేక వినాలి. ఏడాదికోసారి ఆ కుండలన్నీ లారీల షెడ్డుకి వెళ్తాయి, జరీ గౌసియా డాక్టరమ్మ దగ్గరికి వెళ్తుంది.

సరే, ఆ పొద్దున్న ఏమైందో చెప్పి ముగిస్తా. సూరాంబ పొయ్యి మీద పెద్ద గుండిగ ఎక్కించింది. వీధి పొడుగునా, నూలు ఆరబెట్టే చోట, చాపలు పరిచారు. వేడన్నం, పప్పుచారు, వంకాయ కూర. డాక్టరమ్మని మధ్యలో కూర్చోబెట్టారు. ఆటో అతను కూడా చెప్పులు విడిచి ఒక పక్కన చేరాడు. రామలింగం ముందు చౌడమ్మకి విస్తరి వేసి, తర్వాత తను కూర్చున్నాడు. మూడు రోజుల తర్వాత వీధి వీధంతా కూర్చుని అన్నం తింది. జరీ మాత్రం చౌడమ్మ ఒళ్ళో కూర్చుని, ఎవరెవరు ఎంత తింటున్నారో చూసింది.

పోగులేమో కుండలోకి,
పాలేమో గిన్నెలోకి,
జరీ వచ్చె ఒళ్ళోకి,
కథ నడిచె కంచికి,
నువ్వూ నేనూ దుప్పట్లోకి!