వీధికెక్కిన వాసన

అనగనగా ఒక కొండ, కొండ కింద ఒక ఊరు, ఊరికో రాజు. ఊరి పేరు మణిశిల, రాజు పేరు ధవళసేనుడు. రాజు సంగతి తర్వాత చూద్దాం, ముందు చెంగల్వమ్మ సంగతి వినండి. ఆవిడను దాటుకుని రాజు దగ్గరికి పోతే ఆవిడకు కోపం వస్తుంది. ఆ కోపం మామూలుది కాదు.

చెంగల్వమ్మ రాజవైద్యురాలు. ఆమె ఇంట్లో ఒక పెద్ద పొయ్యి ఉండేది. వాళ్ళ అమ్మమ్మ నాడు రాజేసిన నిప్పు అందులో ఇంకా ఆరలేదు. ఏ మందైనా సరే ఆ పొయ్యి మీద మరగాల్సిందే. కుండలో నీళ్ళు ఎనిమిదో వంతుకు దిగాలి, మందు వాసన వీధి చివరికి చేరాలి. వాసన తగలగానే చివరి ఇంటివాళ్ళు "మందు పండిందమ్మా" అని కేకవేసేవాళ్ళు. అప్పుడుగానీ చెంగల్వమ్మ కుండ దించేది కాదు. వేపబెరడుకు, గట్టి వేళ్ళకు ఆ పద్ధతి చక్కగా కుదిరేది. మంచాన పడ్డవాళ్ళు ఎందరో లేచి తిరిగారు. అందుకే తన పొయ్యి అంటే ఆమెకు ప్రాణం, కాస్త గర్వం కూడా.

భర్త గురవప్ప కొండెక్కి మూలికలు తెచ్చేవాడు, నూరేవాడు, నోరు మాత్రం మెదిపేవాడు కాదు. ఆ లోటు తీర్చడానికి పొయ్యికి సరిగ్గా పైన, దూలం మీద, ఒక గోరింక కాపురముండేది. దాని విరిగిన రెక్కకు చెంగల్వమ్మే కట్టు కట్టింది. రెక్క బాగయింది, గోరింక మాత్రం పోలేదు. పొద్దస్తమానం ఏదో ఒకటి వాగుతూ అక్కడే ఉండిపోయింది.

ఒక ఏడు చలికాలంలో ఊరికి దగ్గు పట్టుకుంది. సభలో మంత్రి దగ్గాడు. గుళ్ళో పూజారి దగ్గాడు. కన్నం వేయడానికి వచ్చిన దొంగ గోడ పక్కన దగ్గి, పాపం, దొరికిపోయాడు. ఊరంతా నవ్వుకున్నారు. రాజుగారి కూతురు నాగమల్లిక మంచం పట్టాక ఆ నవ్వులు ఆగిపోయాయి.

నాగమల్లికకు ఇంకా పాలపళ్ళు ఊడుతున్న వయసు. గుండెల నిండా కఫం పేరుకుంది. ఊపిరి తీస్తే పిల్లి కూత. కూర్చుంటే ఆయాసం, పడుకుంటే మరీ ఆయాసం. రాజు పల్లకీ కూడా ఎక్కకుండా నడిచి చెంగల్వమ్మ ఇంటికి వచ్చాడు.

"అమ్మా, బిడ్డకు ఊపిరాడటం లేదు. నీ చేతుల్లో పుట్టింది. మళ్ళీ నీ చేతుల్లోనే పెడుతున్నాను" అన్నాడు.

"మీరు బెంగపెట్టుకోకండి ప్రభూ. ఊపిరికి కొండమరువాన్ని మించింది లేదు" అంది చెంగల్వమ్మ.

ధైర్యమైతే చెప్పింది గానీ, ఆ ఏడు మంచుకు కొండమరువం మాడిపోయింది. గురవప్ప కొండంతా గాలిస్తే మూడు బుట్టల ఆకు దొరికింది. మళ్ళీ వానలు పడితేగానీ చిగురు రాదు.

మొదటి బుట్ట కుండలో పడింది. మంట లేచింది. నీళ్ళు ఎనిమిదో వంతుకు దిగాయి. ఆహా, ఏం వాసన! వీధి చివరినుంచి "మందు పండిందమ్మా" అని కేక వచ్చింది. నాగమల్లిక ముక్కు మూసుకుని ఆ కషాయం తాగింది. పిల్లి కూత తగ్గలేదు.

"మరుగు చాల్లేదు" అంది చెంగల్వమ్మ.

రెండో బుట్ట వేసింది. ఈసారి మంట రెండింతలు చేసింది.

"కాస్త తగ్గించి చూద్దామా?" అని గురవప్ప అనీ అననట్టు అన్నాడు.

"వైద్యం నీదా, నాదా?"

"నీదే, నీదే" అంటూ అతను కట్టెలు అందించాడు.

కుండలో నీళ్ళు పదహారో వంతుకు దిగాయి. వాసన వీధి దాటి కోట దాకా పోయింది. ఆ వాసనకే రాజు కళ్ళలో వెలుగు వచ్చింది. నాగమల్లిక రెండు గుక్కలు తాగింది, మూడో గుక్కకు కక్కేసింది. పెదవులు నీలంగా మారాయి. "అమ్మమ్మా, ఇంక వద్దు" అని చెంగల్వమ్మ చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్ళు చల్లగా ఉన్నాయి.

చెంగల్వమ్మ ఇంటికి వచ్చి మూడో బుట్ట ముందు కూలబడింది. జీవితంలో మొదటిసారి ఆమెకు తన పొయ్యి చూస్తే భయమేసింది. ఇది కూడా పోతే ఆ బిడ్డ పోతుంది. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

పైనుంచి గోరింక కిసుక్కున నవ్వింది.

"నీకు నవ్వులాటగా ఉందా?" అంది చెంగల్వమ్మ.

"ఊరంతా దగ్గుతోంది. నేనెప్పుడైనా దగ్గానా?"

"నువ్వు పక్షివి. నీకు దగ్గేమిటి?"

"ఎదురింటి చిలక దగ్గుతోంది. కోటలో పావురాలు దగ్గుతున్నాయి. నాకే లేదు. ఎందుకుంటుంది? మందంతా పైకి, నాకే వస్తోంది. మీరేమో అడుగున మిగిలిన చేదునీళ్ళు పోసి పిల్లను చంపుకు తింటున్నారు."

చెంగల్వమ్మకు కోపం నెత్తికెక్కింది. అట్లకాడ కూడా తీసింది. కానీ ఆవిడ వైద్యురాలండీ, ఎంత కోపమొచ్చినా చూడకుండా కొట్టే మనిషి కాదు. మిగిలిన కషాయం గరిటెతో తీసి వాసన చూసింది. వాసన లేదు. నాలుక మీద వేసుకుంది. ఉత్త చేదు. నిచ్చెన వేసుకుని పైకెక్కి దూలానికి ముక్కు ఆనించింది. కొండమరువం గుప్పుమంది. రాత్రంతా బిగిసిపోయిన ఆమె ముక్కు కూడా విడింది.

ఆమె నిచ్చెన మీదే ఉండిపోయింది. వీధి చివరికి పోయిన వాసనే మందు. కోట దాకా పోయింది కూడా మందే. రెండు బుట్టల ఊపిరిని తన చేత్తోనే గాలికి వదిలేసి, మందు పండిందని మురిసిపోయింది.

"వేరులో గుణం నీళ్ళలోకి దిగుతుంది, దీని గుణం ఆవిరెక్కి పోతుంది. పోయేదాన్ని పట్టడం ఎలాగయ్యా?" అంది దిగివచ్చి.

గురవప్ప అన్నం ఉడికిందేమో చూద్దామని కుండ మీద మూకుడు ఎత్తాడు. మూకుడు అడుగునుంచి నీటిచుక్కలు టపటపా రాలాయి. చెంగల్వమ్మ అతని చెయ్యి అక్కడే పట్టేసుకుంది.

"కదలకు. దొరికింది" అంది.

ఇక చూడండి ఆవిడ జోరు. కుండలో ఒక రాయి పెట్టింది. రాయి చుట్టూ ఆకు పరిచి కాసిని నీళ్ళు పోసింది. రాయి మీద చిన్న గిన్నె ఉంచింది. కుండ నోట్లో మూకుడు కూర్చోబెట్టి, సందులన్నీ పిండిముద్దతో మూసింది. మూకుడు నిండా చన్నీళ్ళు పోసింది. కింద సన్నటి సెగ, పైన చల్లదనం. లేచిన ఆవిరి చల్లటి మూకుడుకు తగిలి చుక్కై గిన్నెలో పడాలి. మూకుట్లో నీళ్ళు వేడెక్కితే గురవప్ప తీసి మళ్ళీ చన్నీళ్ళు పోస్తున్నాడు.

వీధిలో జనం మూగారు. వాసన లేదు.

"మందు పండలేదు" అన్నారు వీధి చివరివాళ్ళు.

"పొయ్యి చల్లారినట్టుంది" అన్నారు నడిమింటివాళ్ళు.

"చెంగల్వమ్మ పనైపోయింది" అన్నారు ఎదురింటివాళ్ళు.

ఆ మాట వింటూనే రాజు లోపలికి వచ్చాడు. "చివరి బుట్ట ఇది. వాసనైనా రావడం లేదేమిటమ్మా?" అన్నాడు.

"రాకూడదనే మూశాను ప్రభూ. నన్ను నమ్మండి" అంది చెంగల్వమ్మ.

ఆమె గిన్నెకు మూత బిగించి, కోటకు తీసుకుపోయి నాగమల్లిక మంచం దగ్గరే మూత తీసింది. లోపల ఉన్నది నీళ్ళలా తేటగా ఉంది. గదిలో ఉన్నవాళ్ళందరికీ ఒక్కసారి ముక్కులు విడిపోయాయి. మొదటి చెంచాకు పిల్లి కూత సన్నగిల్లింది. రెండో చెంచాకు కఫం కదిలి బయటపడింది. మూడో చెంచా మింగి నాగమల్లిక గుండెల నిండా గాలి పీల్చింది. బోసి చిగుళ్ళతో నవ్వి, "ఆకలేస్తోంది" అంది.

రాజు బిడ్డను ఎత్తుకుని గదంతా తిరిగాడు. భేరీలు మోగాయి. చెంగల్వమ్మను భద్రగజం మీద ఎక్కించి ఊరేగించారు. పండలేదన్నవాళ్ళే అందరికంటే ముందు పూలు చల్లారు.

సభలో రాజు పట్టుశాలువా కప్పబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "రెండు బుట్టలు పాడుచేసింది నేనే ప్రభూ. ఈ దారి చూపింది గోరింక. శాలువా దానికి కప్పండి."

సభ గొల్లుమంది. రాజు మాత్రం గోరింకను పిలిపించి, ఏం కావాలో కోరుకోమన్నాడు.

గోరింక గొంతు సవరించుకుని ఖళ్ళున దగ్గింది. "ఆవిరికి మూత వేసి నా మందు కాస్తా లాగేసుకుంది మహారాజా. ఇక మీద ఆ గిన్నెలో తొలిచుక్క నాకు ఇప్పించండి" అంది. రాజు నవ్వి సరేనన్నాడు.

ఆనాటి నుంచి చెంగల్వమ్మ ఇంట్లో ఒకటే పద్ధతి లేదు. బెరడును మరిగించేది, లేత ఆకును దంచి రసం పిండేది, పూవును చన్నీళ్ళలో నానబెట్టేది, సువాసన ఉన్నదానికి మూత వేసేది. పొయ్యి ఆరలేదు, గర్వం ఆరింది. గురవప్ప మంట తగ్గిద్దామా అంటే, "ఏదీ, చెప్పు వింటాను" అనేది.

కథ అయిపోయింది, చుక్క గోరింకకు, నీతి మీకు: మనకు అలవాటైన దారిలో లాగితే ప్రతి గుణమూ చేతికి రాదు, దాని స్వభావం తెలుసుకుని అడిగినవాళ్ళకే అది దక్కుతుంది.