గవరయ్య వెదుళ్లు

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు, మన తాతల తాతలు ఉగ్గుపాలు తాగేనాటి మాట. కొండ కింద ఒక పల్లె. పల్లెకు రెండే వీధులు. ఎగువ వీధికి పెద్ద గవరయ్య. దిగువ వీధికి పెద్ద దాలినాయుడు. ఈ దాలినాయుడు ఎవరో కాదు, గవరయ్య చెల్లెలు నూకాలు మొగుడే.

కొండ మీద తీయటి నీళ్ల ఊట ఉంది. అది దిగువ వాళ్లది. ఆ నీళ్లు ఊళ్లోకి దించే దోనెలకు వెదుళ్లు కావాలి. వెదురు తోపు ఎగువ వాళ్లది. కలిస్తే ఇంటింటికీ మంచినీళ్లు. కలవరే! అమ్మవారి జాతరలో ఎవరి ఘటం ముందు నడవాలని ఒకనాడు కొట్టుకున్నారు. మహా ఘనకార్యం! అప్పటినుంచి మాటల్లేవు. కొండెక్కి రోజూ నీళ్లు మోయడం ఎవరి తరమూ కాదు. గేదెలు పొర్లే గుంట నీళ్లే రెండు వీధుల వాళ్లూ తాగారు.

ఒకసారి నూకాలు పుట్టింటికి వచ్చింది.

"అన్నయ్యా, వెదుళ్లు ఇప్పించు. ఊట నీళ్లు అందరం తాగుదాం."

"మీ ఆయన్ని వచ్చి అడగమను. తోపంతా ఇస్తాను" అన్నాడు గవరయ్య. లోపల చెల్లెలికి ఇవ్వాలనే ఉంది. పాడు పంతం ఇవ్వనిస్తేనా!

రెండోసారి వచ్చింది. గుంట నీళ్లకు కడుపు చెడి మనిషి సగమైపోయింది.

"ఆయనా నీలాంటివాడే అన్నయ్యా. నువ్వే ముందు రావాలంటాడు. మీ పంతాల మధ్య నా ప్రాణం పోయేలా ఉంది."

గవరయ్యకు కళ్లనీళ్లు తిరిగాయి. అయినా, "బావనే రమ్మను" అన్నాడు.

మూడోసారి నూకాలు రాలేదు. దాలినాయుడే వచ్చి, గుమ్మం ముందు తల దించుకుని నిలబడ్డాడు.

"బావా, వెదుళ్లు కావాలి."

గవరయ్య గుండె పొంగింది. దిగొచ్చాడు! గబగబా గొడ్డలి అందుకున్నాడు.

"తోపంతా నీదే బావా! ఎన్ని కొట్టమంటావు?"

"రెండు చాలు. నూకాలు పాడెకి."

గొడ్డలి చేతిలోంచి జారిపోయింది. గవరయ్య అక్కడే కూలబడి పసివాడిలా ఏడ్చాడు.

చెల్లెల్ని సాగనంపి వచ్చి, తోపు మొత్తం నరికించాడు. రెండు వీధుల వాళ్లూ కలిసి గణుపులు తొలిచారు, దోనెలు పేర్చారు, ఊటను ఊళ్లోకి దించారు. తొలి బిందె మీరు పట్టండంటే మీరు పట్టండని వెనక్కి తగ్గారు. ఆ మర్యాద ముందే ఉంటే ఎంత బాగుండేది!

చివరికి బావలిద్దరూ చెరో చెయ్యి వేసి ఆ బిందె దాలినాయుడి ఇంటికి పట్టుకెళ్లారు. నూకాలు ఎప్పుడూ బిందె దించుకునే చోట, పొయ్యి పక్కన దించారు. ముంచుకునే మనిషే లేదు.

అందుకే చెబుతున్నాను పిల్లలూ, ఇవ్వాలని మనసులో ఉన్నది అడిగించుకోకుండా ఇచ్చెయ్యండి; మన పంతం దిగేదాకా అయినవాళ్ల ప్రాణాలు ఆగవు.