ఉడుత గీసిన మందు బొమ్మ

అనగనగా ఒక టేకు అడవి. ఆ అడవి మధ్యలో వారం వారం జంతువుల సంత జరిగేది.

ఆ సంతకు ఎలుగుబంటి తాత తేనె తెచ్చేవాడు. తేనె అమృతంలా ఉండేది. కానీ సొరకాయ బుర్రల్లో ఏముందో ఎవరికీ తెలిసేది కాదు. అందరూ పక్కనుంచే వెళ్ళిపోయేవారు.

సింగారి అనే ఉడుత అది చూసింది. మోదుగుపూల రంగులో తోక ముంచి, పెద్ద టేకాకు మీద తేనెపట్టు బొమ్మ గీసింది. పట్టులోంచి తేనె ధారగా కారుతున్నట్టే ఉంది! ఆకును తాత ముందు నిలబెట్టగానే జంతువులన్నీ మూగాయి. పొద్దెక్కేసరికి బుర్రలన్నీ ఖాళీ.

"నీ తోకలో ఏదో మహిమ ఉందే తల్లీ!" అన్నాడు తాత.

ఆ తర్వాత కుందేలు అమ్మే దుంపలకు బొమ్మ వేసింది. కోతి అమ్మే పండ్లకు వేసింది. అన్నీ ఇట్టే అమ్ముడుపోయాయి. అడవంతా సింగారి పేరే.

ఒకరోజు నక్క వచ్చింది. "అమ్మాయీ, నా జ్వరం మందుకు మంచి బొమ్మ వెయ్యి" అంది.

సింగారి నక్క తెచ్చిన సొరబుర్ర మూత తీసి చూసింది. చెరువు నీళ్ళ వాసన వచ్చింది.

"మామా, దీంతో జ్వరం తగ్గుతుందా?"

"మందు సంగతి నాకు వదిలెయ్. బొమ్మ వెయ్యడమే నీ పని. అంత గొప్ప బొమ్మ నీవల్ల కాదేమోలే!"

సింగారికి రోషం వచ్చింది. మళ్ళీ అడగలేదు. నీరసంగా పడుకున్న లేడిపిల్లను గీసింది. పక్కనే అదే పిల్ల చెంగున గెంతుతున్నట్టు గీసింది. అంత అందమైన బొమ్మ తను ఎన్నడూ వెయ్యలేదు.

నక్క ఆ ఆకును సంత దారి పక్కన నిలబెట్టింది. ఆ దారినే ఒక తల్లిలేడి పరుగున వెళుతోంది. దాని బిడ్డకు జ్వరం. తాబేలు అవ్వ దగ్గర నేలవేము కషాయం తేవాలని బయలుదేరింది. బొమ్మ చూసి ఆగింది. కళ్ళు మెరిశాయి. నక్క దగ్గర మందు కొని వెనక్కి తిరిగింది.

బిడ్డకు జ్వరం తగ్గలేదు, పెరిగింది. తాబేలు అవ్వను పిలిచేసరికి ఆలస్యమైపోయింది. బిడ్డ దక్కలేదు.

తల్లిలేడి సింగారి దగ్గరకు వచ్చింది. తిట్టలేదు, ఏడవలేదు.

"నేను మందును చూసి కొనలేదమ్మా. నీ బొమ్మను చూసి కొన్నాను" అని వెళ్ళిపోయింది.

మరుసటి సంతలో సింగారి అందరి ముందూ నక్క దగ్గరున్న ఆ ఆకును పళ్ళతో చీల్చింది.

"నక్క అమ్మేది మందు కాదు, చెరువు నీళ్ళు. నాకు అనుమానం వచ్చింది. అయినా గీశాను. తప్పు నాది కూడా" అని గట్టిగా చెప్పింది.

జంతువులు నక్కను అడవి దాటే దాకా తరిమాయి. సింగారితో కూడా చాలా రోజులు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత ఎవరు బొమ్మ అడిగినా, ముందు ఆ సరుకును తను తిని చూసేది. మంచిదైతేనే తోకను రంగులో ముంచేది. మెల్లగా అందరూ మళ్ళీ దాన్ని నమ్మారు.

తల్లిలేడి మాత్రం ఆ సంతకు మళ్ళీ రాలేదు.

నీతి: మంచి సరుకును నలుగురికీ చేర్చేది బొమ్మే, చెడ్డ సరుకును అంటగట్టేదీ బొమ్మే. అబద్ధానికి అందం అద్దినవారికీ ఆ పాపంలో వాటా ఉంటుంది.