ఆగని అక్షరం

కంప్యూటరు గదికి జనం రావడం మానేశారు. వాళ్లు రాకుండా చేసింది కాత్యాయనే. ఆ సంగతి ఆమెకి తెలియదు.

ఏటి ఒడ్డునున్న ఆ ఆశ్రమానికి ఎవరో భక్తుడు తన ఆఫీసులో పక్కన పడేసిన పాత కంప్యూటరు ఇచ్చాడు. మాతాజీ ప్రసంగాలన్నీ అందులో టైపు చెయ్యాలి. కాత్యాయని వేళ్లు చురుకు. ఏ కీ నొక్కి పట్టుకున్నా అదే అక్షరం మళ్లీ మళ్లీ పడుతుంది కదా, మిషన్ ఆపితే మళ్లీ పాత వేగమే వచ్చేస్తుంది గనక రోజూ పెట్టగానే దాన్ని చివరిదాకా పెంచేసేది. తప్పు చెరపాలంటే వేలు అలా పట్టుకుంటే చాలు, వరసంతా క్షణంలో మాయం.

సాయానికి వచ్చే పెద్దవాళ్లలో అవధాని గారి వేళ్లు కీళ్లవాతంతో బిగుసుకుపోయాయి. కీ మీద పడ్డ వేలు వెంటనే లేవదు. ఒక్క ‘క’ కొట్టబోతే తెరంతా కకకకక.

“తాతగారూ, నొక్కి పట్టుకోడానికి అది హార్మోనియం కాదు!” అంది కాత్యాయని.

అందరూ నవ్వారు. అవధాని గారూ నవ్వారు. మర్నాటి నుంచి రాలేదు. ఆయన వెనకే తక్కిన పెద్దవాళ్లూ తప్పుకున్నారు. గదిలో ఆమె, ఫ్యాను చప్పుడు మిగిలాయి. సాయంత్రం ఎవరైనా పలకరిస్తే, బదులు చెప్పే తన గొంతు తనకే కొత్తగా ఉండేది.

ఒకరోజు భోజనాల ముందు అడిగేసింది. “ఎవరికీ శ్రద్ధ లేదు మాతాజీ. నా పక్కన కూర్చునేవాళ్లే లేరు. నాలో ఏం లోపం?”

మాతాజీ ఆ పూట చారు తానే వడ్డించారు. కాత్యాయని అన్నంలో గుంట చేసుకునేలోపే ఒక గరిటె పడింది. చెయ్యి అడ్డం పెట్టేలోపే ఇంకొకటి, ఆ వెంటనే మరొకటి. చారు విస్తరి దాటి చీర మీదికి పారింది.

“అయ్యో, ఆగండి మాతాజీ! చెయ్యి అడ్డం పెట్టనివ్వరేం?”

“నీ చెయ్యి కూడా ఆలస్యమేనా, కాత్యాయనీ?”

పంక్తిలో ఎవరూ నవ్వలేదు. ఎదుటి వరసలో అవధాని గారు తల దించుకుని, వంగని వేళ్లతో ముద్ద కలుపుకుంటున్నారు.

చేతులు కడుక్కునే చోట ఆయన్ని ఆపింది. “తాతగారూ, ఆ అక్షరాల పరుగు తగ్గిస్తాను. రేపు రండి.”

“చూద్దాంలే అమ్మాయ్.”

ఆయన రాలేదు.

అయినా మర్నాడు మిషన్ పెట్టగానే ఆమె ముందు ఆ వేగం బాగా తగ్గించింది. ఆ తర్వాత రోజూ అంతే. ఆ కంప్యూటరు మూలపడేదాకా, ఒక్కతే ఉన్నా, తన పనీ ఆ నిదానంలోనే చేసుకుంది.