పెద్దిరాజు ఒట్టు

మంచి మందే ఇచ్చాను కదా, మనిషి రావడం ఎందుకు మానేశాడు? ఈ ప్రశ్న పట్టుకుని డాక్టర్ భార్గవ్ ఆదివారం పొద్దున్నే గురువుగారి ఇంటికి వచ్చాడు.

ఆయన పేరు ఖాదర్ మొహిద్దీన్. ఉద్యోగకాలమంతా పల్లెటూరి ఆసుపత్రుల్లో గడిపి రిటైరైన డాక్టరు. భార్గవ్ ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. ఆయన మాట్లాడేది తక్కువ. అడిగినదానికి జవాబు చెప్పకుండా టీ ఇచ్చి పంపేసిన రోజులూ ఉన్నాయి.

ఆ రోజూ టీ వచ్చింది. భార్గవ్ దాన్ని ముట్టుకోకుండా చెప్పుకొచ్చాడు.

పెద్దిరాజు చేపల చెరువు దగ్గర కాపలా మనిషి. పొద్దున లేస్తూనే సారా గొంతులో పడితే తప్ప చేతుల వణుకు ఆగేది కాదు. భార్య మంగ బతిమాలి ఆసుపత్రికి తీసుకొచ్చింది. ఉన్నపళంగా మానేస్తే ఫిట్స్ వస్తాయని భార్గవ్ అతన్ని ఆసుపత్రిలోనే ఉంచుకున్నాడు. వణుకు తగ్గే మందు ఇచ్చి, దాన్ని మెల్లమెల్లగా తగ్గిస్తూ వచ్చాడు. విటమిన్ సూదులు, తాగాలన్న యావ తగ్గించే మాత్రలు, అన్నీ పద్ధతిగా నడిచాయి. పెద్దిరాజు మొహం తేటపడింది.

ఆ ఊళ్ళో భార్గవ్‌ని పలకరించే దిక్కు లేదు. క్వార్టర్సులో ఒక్కడే వండుకుని ఒక్కడే తినే కుర్రాడు. ఇంటికి పంపేశాక కూడా సాయంత్రం పెద్దిరాజు వచ్చి "బావున్నానండి" అంటే సొంతమనిషి వచ్చినట్టుండేది.

"నెల తిరక్కుండానే రావడం మానేశాడు సార్. ఇంటికి కూడా వెళ్ళడం లేదట. చెరువు గట్టు మీద షెడ్డులోనే పడి తాగుతున్నాడట. ఇలాగే వదిలేస్తే అక్కడే పోతాడు. మందులో ఎక్కడ పొరపాటు చేశానో తెలియడం లేదు."

"మందులో పొరపాటు లేదు," అన్నారు ఖాదర్ గారు. "మందు కాక ఇంకేం చేశావు?"

భార్గవ్ టీ కప్పు పక్కకి జరిపాడు.

"ఇంటికి పంపే రోజు ఒట్టు వేయించాను. వాళ్ళ పాపని పిలిపించి, నెత్తిమీద చెయ్యి పెట్టించి, ఇక ముట్టనని చెప్పించాను. మంగ ఎంత సంతోషపడిందో సార్! వార్డులో అందరూ చప్పట్లు కొట్టారు."

ఆ చప్పట్లు ఇంకా చెవిలో ఉన్నట్టే చెప్పాడు పాపం. ఖాదర్ గారు లేచి చెప్పులు తొడుక్కున్నారు.

"పద, చూసొద్దాం."

చెరువుల మధ్య గట్టు సన్నగా, పొడుగ్గా సాగుతుంది. ఎటు చూసినా నీళ్ళే, మనిషి అలికిడి లేదు. షెడ్డు ముందు మేత బస్తాల పక్కన నులకమంచం మీద పెద్దిరాజు పడుకుని ఉన్నాడు. డాక్టరు బండి చప్పుడు విని లేచి, మొహం అటు తిప్పుకున్నాడు.

"ఎందుకొచ్చారండి? నేను తాగేశానండి."

"తెలుసు," అన్నారు ఖాదర్ గారు మంచం అంచున కూర్చుంటూ. "ఇంటికెందుకు వెళ్ళడం లేదు?"

పెద్దిరాజు మొహం ఇటు తిప్పకుండానే చెప్పాడు.

"తాగిన మర్నాడే పిల్లకి జొరం వచ్చిందండి. ఒళ్ళు కాలిపోయిందండి. తగ్గిందిలెండి, మళ్ళీ వత్తే? ఈ చెయ్యే కదండి దాని నెత్తిన పెట్టింది. నేనింటికెల్తే నాన్నా అని మీదకొచ్చేత్తది. అందుకే ఎల్లట్లేదండి. బడి బస్సు ఆ రోడ్డు మీంచి ఎల్లేటప్పుడు, ఈ బస్తాల చాటునుంచి చూత్తానండి. అంతేనండి."

"పోనీ, నా దగ్గరికి రావచ్చుగా?" అన్నాడు భార్గవ్.

"మీ ముందేసిన ఒట్టే కదండి. ఏ మొహం పెట్టుకుని రానండి?"

భార్గవ్‌కి అప్పుడర్థమైంది. మనిషిని లేపి నిలబెట్టిందీ తనే, ఈ షెడ్డులోకి తరిమిందీ తనే. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, "అది మామూలు జ్వరం పెద్దిరాజూ, ఒట్టుకీ దానికీ..." అని మొదలెట్టాడు.

ఖాదర్ గారు చెయ్యెత్తి ఆపారు.

"అది తరవాత చెబుదువుగానీ. ఒట్టు వేయించుకుంది నువ్వు. తియ్యాల్సిందీ నువ్వే."

"ఎలా తీస్తాం సార్?"

"చిన్నప్పుడు ఆడుకోలేదూ?"

ఎందుకాడుకోలేదు! కోపంలో వేసిన ఒట్టు సాయంత్రానికి బరువైపోతే ఏం చెయ్యాలో మన పిల్లలందరికీ తెలిసిందే. కానీ ఇంత చదువు చదివి, మెడలో స్టెతస్కోపు వేసుకుని ఆ పని చెయ్యడమా? భార్గవ్ చెవులు ఎర్రబడ్డాయి. గురువుగారి మొహం చూస్తే ఆయనకి నవ్వులాటగా లేదు.

భార్గవ్ మట్టిలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పెద్దిరాజు కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆ చేతి వణుకు గురించి కేస్ షీటులో ఎన్నిసార్లో రాశాడు. ఇలా పట్టుకోవడం మాత్రం ఇదే మొదలు. అరచేతిలోంచి ఏదో తీసినట్టు తీసి, మెల్లగా పక్కన నేల మీద పెట్టాడు.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. వేయించిన తప్పు నాది పెద్దిరాజూ. పాపకేం కాదు."

పెద్దిరాజు ఆ మట్టివైపే చూశాడు. చూస్తూ చూస్తూ భోరుమన్నాడు. ఎన్నాళ్ళ ఏడుపో అది. వినేవాళ్ళు దొరికేదాకా దాచుకున్నట్టుంది.

అతను తేరుకున్నాక ఖాదర్ గారు నాడి చూశారు, కళ్ళు చూశారు, ఏమన్నా తిన్నావా అని అడిగారు.

"ఇక్కడ ఒక్కడివే ఉండి ఉన్నపళంగా మానెయ్యకు, ప్రాణం మీదికొస్తుంది. రేపు ఆసుపత్రికి రా."

"తాగకుండా రాలేనేమోనండి."

"తాగే రా."

తిరుగుదారిలో భార్గవ్ ఉండబట్టలేక అడిగాడు.

"మందు ఇచ్చి మాన్పించాక, మళ్ళీ తాగితే సార్? మళ్ళీ మళ్ళీ తాగితే?"

ఖాదర్ గారు బండి వెనక కూర్చుని చెరువులకేసి చూస్తున్నారు. ఇంటి దగ్గర దిగి, టీ తాగి వెళ్ళమన్నారు.

మర్నాడు పొద్దుటి నుంచీ భార్గవ్ గుమ్మంవైపు చూస్తూనే ఉన్నాడు. ఓపీ అయిపోయి, నర్సు కిటికీలు మూస్తుండగా పెద్దిరాజు వచ్చాడు. లోపలికి రాకుండా గడప అవతలే నిలబడ్డాడు.

"పొద్దున ఇంటికెల్లేనండి. పిల్ల ఇంకా నిద్దర లెగలేదండి. నుదుటి మీద చెయ్యేసి చూశానండి. చల్లగానే ఉందండి."

తల దించుకున్నాడు. సారా వాసన గదిలోకి వచ్చేసింది.

"అయినా తాగే వచ్చానండి."

ఒట్టు వేయించిన నాటి పాత మాటలన్నీ భార్గవ్ నాలిక చివరిదాకా వచ్చాయి. అతను లేచి స్టూలు తన కుర్చీ పక్కకి జరిపాడు.

"వచ్చావుగా," అన్నాడు. "కూర్చో."