మిగిలిపోయిన చింతగింజ

ఈ కథలో ఏది ముందు, ఏది తర్వాత అన్న దగ్గర నేను కాస్త తడబడవచ్చు. వరుస తప్పినా విషయం తప్పదు. పిల్లలు సర్దుకుని వినాలి.

ఇప్పలవాగు అనే అడవి ఉండేది. ఆ అడవిలో ఎవరి పని వాళ్లకు ఉండేది. ఏనుగు గజ్జయ్య దారికి అడ్డం పడిన కొమ్మలు తీసేవాడు. వడ్రంగిపిట్ట టక్కన్న చెట్లకు తొర్రలు తొలిచి ఇళ్లు చేసిపెట్టేవాడు. గిజిగాడు పంతులు పిల్లపిట్టలకు గూడు అల్లడం నేర్పేవాడు. ముంగిస చురుకమ్మ పాములు రాకుండా కాపలా కాసేది. కొంగ వైద్యుడు దుప్పుల ఒంటి మీద పురుగులు ఏరేవాడు. కాకి కావమ్మ కబుర్లు మోసేది. రాబందు బోడెన్న చచ్చిన జంతువులు కుళ్లకముందే తినేసి అడవిని శుభ్రం చేసేవాడు. తాబేలు మడుగయ్య మడుగులో చివికిన ఆకులు తిని నీళ్లు తేటగా ఉంచేవాడు.

ఇంకొకరు కూడా ఉన్నారు. వాళ్ల సంగతి దాని చోట అదే వస్తుంది.

వీళ్లందరినీ పొద్దున్నే పేరు పెట్టి పిలిచే పని నీలవ్వది. నీలవ్వ ముసలి కొండముచ్చు. ముఖం నల్లగా, చేతులు సన్నగా ఉండేవి. తెల్లవారగానే వాగు ఒడ్డున పెద్ద బండ ఎక్కి కూర్చునేది. ఒక్కొక్క పేరే పిలిచేది. ఆ పేరు గలవాళ్లు ఎక్కడున్నా "ఉన్నాను అవ్వా" అని పలికి పనిలోకి వెళ్లేవాళ్లు. పలకకపోతే ఏమైందో చూడమని కాకిని పంపేది.

ఎవరినైనా పిలవలేదంటే వాళ్లకు ఆ రోజు సెలవని అర్థం. జ్వరం వచ్చినవాళ్లను, పిల్లల్ని కన్నవాళ్లను అవ్వ పిలిచేది కాదు. అందుకని పిలవనివాళ్లు ఎందుకని అడిగేవాళ్లూ కాదు.

లెక్క తప్పకుండా అవ్వ దగ్గర తొమ్మిది చింతగింజలు ఉండేవి. ఒక పేరు పిలిచి ఒక గింజను ఎడమ నుంచి కుడికి జరిపేది. సెలవిచ్చిన వాళ్ల గింజను ముందే తీసి చెట్టు తొర్రలో దాచేది. ఇలా ఎన్నో ఏళ్లు గడిచాయి. బండ మీద ఆమె కూర్చునే చోటు నున్నగా అరిగిపోయింది.

ఒక ఎండాకాలం పొద్దున్న అవ్వ పేర్లన్నీ పిలిచింది. అందరూ పలికారు. కిందికి చూసుకుంటే ఎడమవైపు ఒక గింజ ఉంది.

అవ్వ గుండె ఝల్లుమంది. ఆ రోజు ఆమె ఎవరికీ సెలవివ్వలేదు. మళ్లీ మొదటి నుంచి మనసులో అనుకుంది. గజ్జయ్య, టక్కన్న, పంతులు. ఎనిమిది పేర్ల దగ్గర ఆగిపోయింది. తొమ్మిదో పేరు నాలుక చివరికి వచ్చినట్టే వచ్చి జారిపోయింది.

పక్క కొమ్మ మీద నెమలి పింఛయ్య ఉన్నాడు. ఆ అడవిలో అతనికి పనంటూ ఏమీ లేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పురి విప్పి తన తోకను తనే చూసుకునేవాడు.

"ఏమవ్వా, గింజను అంతసేపు చూస్తున్నావు. మొలకెత్తుతుందనుకున్నావా?" అన్నాడు.

"ఒకరిని మరిచిపోయాను నాయనా. ఎవరో గుర్తు రావడం లేదు."

"గుర్తు రాలేదంటే వాళ్లు అంత గొప్పవాళ్లు కాదన్నమాట. నన్ను చూడు, ఒకసారి చూసినవాళ్లు మరిచిపోతారా?"

"నిన్ను నేను పిలవను కదా నాయనా."

పింఛయ్యకు ఆ మాట గుచ్చుకుంది. టపుక్కున కిందికి దిగి, బండ మీదున్న గింజను ముక్కుతో పట్టి గుటుక్కున మింగేశాడు.

"ఎనిమిది పేర్లు, ఎనిమిది గింజలు. నీ లెక్క సరిపోయింది, పోయి పడుకో" అన్నాడు.

అవ్వ అతని మెడ కేసి చూస్తూ ఉండిపోయింది. గింజ ఎటూ తిరిగి రాదు.

మరునాడు ఎనిమిది పేర్లు పిలిచింది. ఎనిమిది గింజలూ కుడివైపుకు వెళ్లాయి. ఎడమవైపు బండ ఖాళీగా ఉంది. గింజ మిగిలిన రోజు కంటే ఆ ఖాళీ చోటే ఆమెను ఎక్కువ భయపెట్టింది. పిలవని వాళ్లు పనిలోకి రారు. రానివాళ్ల పని ఏదో అడవిలో ఎక్కడో ఆగిపోయి ఉంది. అది ఆగితే ఏం ముంచుకొస్తుందో తెలియదు. ఎవరి పిల్లల మీదికి వస్తుందో తెలియదు. ఈలోగా పింఛయ్య, అవ్వకు మతి పోయిందని చెట్టు చెట్టుకూ చెప్పి వచ్చాడు.

మూడోనాడు అవ్వ ఇక ఉండబట్టలేక బయలుదేరింది.

ముందు ఏనుగు దగ్గరికి వెళ్లింది. "గజ్జయ్యా, నేను రోజూ ఎవరెవరిని పిలుస్తాను?"

"మొదట నన్ను."

"చివర?"

"నా పేరు వినగానే నేను బయలుదేరతాను అవ్వా. తర్వాత ఎవరిని పిలిస్తే నాకేం తెలుసు?" అన్నాడు గజ్జయ్య.

గిజిగాడు పంతులు పాఠం మధ్యలో ఉన్నాడు. "నా తర్వాత చురుకమ్మను పిలుస్తావు. అంతవరకు విన్నాను. ఆ తర్వాత ఈ పిల్లల గోలలో నాకు ఏం వినిపిస్తుంది?" అన్నాడు.

ముంగిస చురుకమ్మ పుట్ట పక్క నుంచి కదలలేదు. "పేర్లు వింటూ కూర్చుంటే పాము నా కోసం ఆగుతుందా అవ్వా?" అంది.

ఎవరి పేరు వాళ్లు వింటున్నారు. పేర్లన్నీ ఎవరి చెవినా పడలేదు. అన్ని పేర్లూ తెలిసినది ఒక్క నీలవ్వకే. ఆ నీలవ్వే మరిచిపోయింది.

మడుగు ఒడ్డున ఆమె తల పట్టుకుని కూలబడింది. తాబేలు మడుగయ్య మెల్లగా నీళ్లలోంచి తల పైకెత్తాడు. నోట్లో ఉన్న ఆకు నమిలి మింగాడు.

"ఎవరు, ఎవరు అని ఎందుకు వెతుకుతావు?" అన్నాడు చివరికి. "ఏ పని ఆగిందో చూడు. పేరు మరిచిపోతాం గానీ, ఆగిన పని కంటికి కనబడుతుంది."

అవ్వ లేచింది. దారులు చూసింది. కొమ్మ అడ్డం లేదు. మడుగు తేటగా ఉంది. ఎక్కడా కుళ్లు వాసన లేదు. పిట్టలకు ఇళ్లున్నాయి, పిల్లలకు చదువుంది. అన్నీ బాగున్నాయి. అన్నీ బాగుండేసరికి ఆమె భయం రెండింతలైంది.

అప్పుడు పడమటి గాలి వీచింది. గాలిలో పొగ వాసన ఉంది.

నీలవ్వ ఎత్తైన మద్దిచెట్టు చిటారుకొమ్మకు ఎక్కింది. అవతలి కొండ మీద పొగ లేస్తోంది. ఇప్పపూలు ఏరుకోవడానికి ఎవరో చెట్ల కింద ఆకులు తగలబెట్టి, ఆర్పకుండా వెళ్లినట్టున్నారు. ఎండాకాలంలో ఇది కొత్తేమీ కాదు. ఏటా ఆ మంట నేల మీద పాకుతూ అడవి అంచున ఉన్న గట్టు దాకా వస్తుంది. గట్టు దగ్గర ఆగిపోతుంది.

ఎందుకు ఆగుతుంది?

అవ్వ గట్టు కేసి చూసింది. ఏటా ఈ కాలంలో గట్టు పొడవునా నల్లటి చార ఉండేది. తవ్వి తిరగేసిన మట్టి చార అది. ఆకు అన్నది లేకుండా ఉండేది. మంట అక్కడికి వచ్చి, తినడానికి ఏమీ దొరక్క చచ్చిపోయేది. ఇప్పుడు ఆ చార లేదు. మూడు రోజులుగా రాలిన ఎండుటాకులతో గట్టంతా పసుప్పచ్చగా, మెత్తగా పరుపు పరిచినట్టుంది.

"మట్టెమ్మ" అంది అవ్వ, పైకే.

మట్టెమ్మ అడవిపంది. ఆమే తొమ్మిదోది. బండ దగ్గరికి ఎప్పుడూ వచ్చేది కాదు. దూరంగా గట్టు మీదనే ఉండి గుర్రుమని పలికేది. దుంపల కోసం రోజూ గట్టంతా మూతితో పెళ్లగించేది. ఆకులన్నీ మట్టి కిందికి పోయేవి. ఒంటినిండా బురద కాబట్టి ఎవరూ ఆమె దగ్గరికి వెళ్లేవాళ్లు కాదు. ఆ గట్టు లేకపోతే అడవి లేదన్న సంగతి అందరూ మరిచిపోయారు. చివరికి అవ్వ కూడా మరిచిపోయింది.

"కావమ్మా," అని పిలిచింది. కాకి వచ్చి వాలింది. "మట్టెమ్మకు కబురు చెప్పు. అవ్వ పిలుస్తోందని చెప్పు. గజ్జయ్యను, చురుకమ్మను, బోడెన్నను కూడా గట్టు మీదికి రమ్మను. ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగవద్దు."

అవ్వ కొమ్మ నుంచి కొమ్మకు దూకుతూ గట్టు చేరేసరికి మట్టెమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. వెనకాల ఒంటి మీద చారలతో ఆరు పిల్లలున్నాయి.

"పిల్లల్ని కన్నానని సెలవిచ్చావనుకున్నాను అవ్వా," అంది మట్టెమ్మ. "ఎంత దయ అనుకుని, పడుకున్నచోటి నుంచే నీకు దండం పెట్టుకున్నాను."

అవ్వ తల దించుకుంది. "దయ కాదే తల్లీ. నిన్ను మరిచిపోయాను."

మట్టెమ్మ ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసింది. "ఇప్పుడు పిలిచావు కదా," అని మూతి నేలకు ఆనించి తవ్వడం మొదలుపెట్టింది.

చురుకమ్మ పిల్లలను చుట్టుకుని కాపలా కూర్చుంది. గజ్జయ్య ఆకుల కొమ్మ విరిచి ఎండుటాకులను ఊడ్చాడు. బోడెన్న ఆకాశంలో తిరుగుతూ మంట ఎటు మళ్లుతోందో చెప్పాడు. "ఉత్తరం వైపు," అనేవాడు. మట్టెమ్మ ఉత్తరానికి పరుగెత్తేది. "ఇటు, ఇటు," అనేవాడు. ఆమె ఇటు వచ్చేది. ఆమె మూతి చెక్కుకుపోయి నెత్తురు కారింది.

గట్టు అవతలి వాలులో పింఛయ్య ఉన్నాడు. అంత చక్కని ఆకుల పరుపు అతనికి ఎన్నడూ దొరకలేదు. పురి విప్పి ఆడుతున్నాడు.

"పింఛయ్యా, ఇవతలికి రా," అని అవ్వ అరిచింది.

"మళ్లీ ఎవరినో మరిచిపోయావా అవ్వా?" అన్నాడు వెనక్కి తిరగకుండా.

వెనక చిటపటమన్నది. తోక మడుచుకుని ఎగరబోయాడు. అంత తోక అంత తొందరగా మడవడం అతనికి చేతకాలేదు. ఈకల చివర నిప్పంటుకుంది. అప్పుడు మట్టెమ్మ చార దాటి అవతలికి దూకింది. భుజంతో ఒక్క తోపు తోసి అతన్ని కొత్తగా తవ్విన మట్టిలో పడేసింది. దొర్లించి దొర్లించి మంట ఆర్పింది.

మంట గట్టు దాకా వచ్చింది. నల్లటి మట్టి అంచున కాసేపు ఎగిరెగిరి పడింది. తినడానికి ఏమీ దొరకలేదు. పొద్దుగూకే వేళకు ఆరిపోయింది.

మరునాడు తెల్లవారింది. నీలవ్వ బండ ఎక్కింది. ఎనిమిది గింజల ముందు కూర్చుని, ఇక ఈ పని తనకు తగదేమో అనుకుంటోంది. అంతలో పింఛయ్య నడుచుకుంటూ వచ్చాడు. ఒంటినిండా మట్టి ఉంది. తోక మొండిగా ఉంది. నోట్లోంచి రెండు చింతగింజలు బండ మీద పెట్టాడు.

"నేను మింగింది ఒక్కటే అవ్వా. అది మట్టెమ్మది. ఇవాళ ఆమె మూతికి కొంగ వైద్యుడు పసరు రాస్తున్నాడు, సెలవివ్వు. గట్టు మీద ఆకులు నేనూ గజ్జయ్యా తీస్తాం."

"మరి రెండోది ఎవరిది?"

పింఛయ్య కాళ్లతో బండను గీకాడు. "నువ్వు అందరినీ పిలుస్తావు. ఎవరైనా పలకకపోతే వెతికిస్తావు. ఒకరోజు నువ్వే పలకకపోతే? నిన్ను పిలిచేవాళ్లు ఎవరూ లేరు కదా. నా గొంతు పెద్దది. ఆ పని నాకివ్వు."

అవ్వ మట్టెమ్మ గింజను తొర్రలో దాచింది. ఎనిమిది పేర్లూ పిలిచింది. ఎనిమిదిమందీ పలికారు. ఎడమవైపు ఒక గింజ మిగిలింది. ఈసారి ఆమె గుండె ఝల్లుమనలేదు.

పింఛయ్య మెడ చాచి అడవంతా వినబడేలా పిలిచాడు. "నీలవ్వా!"

"ఉన్నాను నాయనా," అంది అవ్వ.

సుగుణా, నేను రాసి పంపిన ఈ కథను బడిలో పిల్లలకు చదివే ముందు, బండ మీద పిలిచే పేర్లు ఒకసారి సరిచూడమ్మా. మట్టెమ్మతో కలిపి తొమ్మిది ఉండాలి, అవ్వతో పది. ఎవరైనా తగ్గితే నీ మేనత్త మరిచిపోయిందనుకుని నువ్వే రాసెయ్యి.

నీతి: మన కోసం పనిచేసేవాళ్లలో చిన్నవాళ్లు లేరు, ఒక్కరిని మరిచినా ఆ నష్టం అందరిదీ.